వంద బిళ్ళల ప్యాకెట్ విప్పేముందు

వెయ్యి రూపాయలు, ఒక వంటింటి త్రాసు, ఒక భూతద్దం, తీరికగా ఒక మధ్యాహ్నం. బ్యాంకు చిల్లరలో దాచుకోదగ్గ నాణేలు వెతకడానికి మొదట్లో ఇంతకు మించి అక్కర్లేదు. వేరే దేశాల్లో ఈ పని చేసేవాళ్ళు కాగితపు చుట్టల్లో నాణేలు తెచ్చుకుంటారు. మన బ్యాంకుల్లో ఆ చుట్టలు లేవు, మనకు దొరికేది వంద బిళ్ళల పాలిథిన్ ప్యాకెట్. వంద చొప్పున ప్యాకెట్లు కట్టి తీసుకుంటే క్యాషియర్‌కూ ఖాతాదారుకూ సులువని రిజర్వు బ్యాంకే బ్యాంకులకు చెప్పింది. రూపాయి ప్యాకెట్ వంద రూపాయలు, రెండుది 200, ఐదుది 500, పదిది 1,000.

క్యాషియర్‌ను ఏమని అడగాలి

"చిల్లర కావాలి" అని ఊరికే అడిగితే కొత్త మూటలోంచి తీసి ఇస్తారు. టంకశాల నుంచి సీలుతో వచ్చిన మూటలో దాదాపు అన్నీ ఒకే ఏడాదివి, ఒకే టంకశాలవి. తళతళలాడే కొత్త బిళ్ళ ఒకటి దాచుకోవడానికీ, ముద్రణ లోపాలు చూడటానికీ అది పనికొస్తుంది. వేర్వేరు ఏళ్ళ నాణేలు కావాలంటే మాత్రం దండగ. కాబట్టి అడగాల్సిన మాట ఇది: "సార్, కొత్త మూటలోవి వద్దు. ఎవరైనా కట్టిన పాత చిల్లర ఉంటే రెండు ప్యాకెట్లు ఇవ్వండి."

ఒకటో తారీకు నుంచి వారం దాకా, అన్ని సోమవారాలూ, సాయంత్రం క్యాష్ ముగించే వేళా అడగకండి. లైన్లో పదిమంది ఉండగా చిల్లర లెక్కపెట్టించుకునేవాడు క్యాషియర్‌కు నచ్చడు, వెనకున్నవాళ్ళకు అసలే నచ్చడు. మధ్యాహ్నం భోజనాల తర్వాత రద్దీ తగ్గాక వెళ్ళండి. ఆ బ్రాంచిలో ఖాతా ఉంటే మాట త్వరగా చెల్లుతుంది. లేకపోయినా నాణేల మార్పిడి ప్రజలందరికీ ఇవ్వాల్సిన సేవే.

కర్నూలు జిల్లాలో ఈ పనికి ఒక కాలం కూడా ఉంది. శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న స్వామికి, మంత్రాలయంలో రాఘవేంద్ర స్వామి ఆరాధనకు జనం పోటెత్తుతారు. హుండీ లెక్కింపు అయ్యాక ఆ చిల్లర దేవస్థానం ఖాతా ఉన్న బ్రాంచికి చేరుతుంది. దుకాణం చిల్లర రోజూ చేతులు మారుతుంది. హుండీ చిల్లర అలా కాదు. ఇంట్లో ముడుపు కట్టి ఏళ్ళ తరబడి దాచినవీ, పక్కనున్న కర్ణాటక నుంచి వచ్చినవీ అందులో కలుస్తాయి. కడప వైపు నుంచి కువైట్ వెళ్ళొచ్చే కుటుంబాలు ఎక్కువ కాబట్టి అక్కడి చిల్లరలో ఫిల్స్ నాణెం తగిలినా ఆశ్చర్యపోకండి. లెక్కింపు జరిగిన వారం పది రోజుల్లో అడిగితే మంచిది.

పది రూపాయల బిళ్ళ చెల్లదన్న పుకారు మనకు ఒక రకంగా మేలే చేసింది. దుకాణాలవాళ్ళు వద్దన్న బిళ్ళలు బ్యాంకుల్లో పేరుకున్నాయి, అడిగితే క్యాషియర్ సంతోషంగా ఇస్తాడు. రూపాయి గుర్తు లేనిదీ, పది గీతలకు బదులు 15 గీతలున్నదీ నకిలీ అన్న మాటలు నమ్మకండి. అప్పటివరకు వచ్చిన 14 రకాల డిజైన్లూ చెల్లుతాయని 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ప్రకటించింది.

ప్యాకెట్ చేతికందాక అక్కడే బల్ల మీద లెక్కపెట్టుకోండి. మొహమాటం వద్దు. చాలాచోట్ల చిల్లరను తూకం వేసి తీసుకుంటారు. వేర్వేరు కాలాల రూపాయి బిళ్ళల బరువులు వేరు కాబట్టి కలగలుపు ప్యాకెట్‌లో తూకం లెక్క తప్పుతుంది. 100 అని రాసిన కవర్లో 96 ఉండొచ్చు, 103 ఉండొచ్చు. కౌంటర్ దాటి వచ్చాక ఆ తేడా మీదే.

విప్పకుండానే తూకం

పాత బిళ్ళలు బరువు, కొత్తవి తేలిక. రూపాయి ఇందుకు మంచి ఉదాహరణ. 1992లో మొదలైన స్టీలు రూపాయి 25 మిల్లీమీటర్ల వెడల్పు, 4.85 గ్రాములు. 2011లో రూపాయి గుర్తుతో వచ్చింది 22 మిల్లీమీటర్లు, 3.79 గ్రాములు. 2019 నుంచి ధాన్యపు కంకుల డిజైన్‌తో వస్తున్నది 20 మిల్లీమీటర్లు, 3.09 గ్రాములు. అంటే వంద బిళ్ళల ప్యాకెట్ 309 గ్రాముల దగ్గర తూగితే అన్నీ కొత్తవే, విప్పాల్సిన పని లేదు. 385 దాటితే లోపల పెద్ద బిళ్ళలు ఉండి తీరాలి. మధ్యలో తూగితే మాత్రం ఏమీ చెప్పలేం, పాతవీ కొత్తవీ కలిసి సగటు అలా రావచ్చు.

రెండు రూపాయల్లో 2019 తర్వాతిది 4.07 గ్రాములు, 2011 నాటిది 4.85. ప్యాకెట్ 490 దాటిందంటే అంతకు ముందువి ఉన్నట్టు. పదకొండు మూలల పాత రెండు రూపాయల బిళ్ళ ఒక్కొక్కటి 6 గ్రాములు.

ఐదు రూపాయల దగ్గర ఈ కిటుకు తిరగబడుతుంది. పసుపు రంగు బిళ్ళ మొదట 6 గ్రాములే ఉండేది. 2019లో వచ్చింది 25 మిల్లీమీటర్లకు పెరిగి 6.74 అయ్యింది. బరువు చూసి పాతవనుకుంటే కొత్తవి తేలొచ్చు. 680 దాటితేనే లోపల 9 గ్రాముల మందపాటి తెల్ల బిళ్ళలు ఉన్నాయని నమ్మవచ్చు. పది రూపాయల బరువులో పెద్ద తేడా లేదు, ఆ ప్యాకెట్‌కు త్రాసు దండగ.

వెతికే వరస

బల్ల మీద పాత పంచె నాలుగు మడతలు వేసి పరవండి. బిళ్ళలు దొర్లవు, గీతలు పడవు, చప్పుడుకు ఇంట్లోవాళ్ళు విసుక్కోరు. స్టీలు పళ్ళెంలో గుమ్మరించడం అలవాటు చేసుకోవద్దు. ముప్పై గుంటల కోడిగుడ్ల అట్ట ఒకటి తెచ్చుకోండి. నిలువున ఆరు, అడ్డంగా ఐదు. ఒక్కో వరస ఒక్కో సంవత్సరానికి. అడ్డం గుంటల్లో నాలుగు నాలుగు టంకశాలలకు, ఐదోది అనుమానపు బిళ్ళలకు. ఇంతకంటే మంచి సార్టింగ్ ట్రే కొని తెచ్చుకున్నా దొరకదు.

ముందు అయస్కాంతం. పెద్ద అయస్కాంతాన్ని కవర్లో చుట్టి కుప్ప మీద తిప్పితే స్టీలు బిళ్ళలు అంటుకుంటాయి, రాగి-నికెల్‌వి కింద మిగులుతాయి. రూపాయి కుప్పలో అంటుకోకుండా మిగిలిందంటే అది 1991, అంతకు ముందుదయ్యే అవకాశం ఎక్కువ. రెండు రూపాయల్లో మిగిలేవి పదకొండు మూలలవి. ఐదు రూపాయల్లో తెల్లగా ఉండి అంటుకోనిది 9 గ్రాముల పాతది, అంటుకున్నది 2007 ప్రాంతపు స్టీలు బిళ్ళ. పసుపు బిళ్ళ అంటుకోదు, దాన్ని రంగు చూసే పక్కన పెట్టొచ్చు. దండి యాత్ర 75 ఏళ్ళ బిళ్ళ, బసవేశ్వరుడి బిళ్ళ రెండు లోహాల్లోనూ ఉన్నాయి. బొమ్మ ఒకటే కదా అని ఒకదాన్ని వదిలేయకండి, అయస్కాంతం పెట్టి చూడండి.

తర్వాత అన్నిటినీ సింహాల వైపు కిందికి పెట్టి పరచండి. స్మారక నాణేలు అప్పుడే కంటబడతాయి, వందలో రెండు మూడు వేరే బొమ్మలు ఉంటే చూపు అక్కడే ఆగుతుంది. రెండు రూపాయల్లో పటేల్, సుభాష్ చంద్రబోస్, సుప్రీంకోర్టు 50 ఏళ్ళు, భారతీయ రైల్వే 150 ఏళ్ళు. ఐదులో 2006 నాటి స్టేట్ బ్యాంక్ 200 ఏళ్ళ బిళ్ళ, ఓఎన్‌జీసీ బిళ్ళ. పదిలో 2012 పార్లమెంటు 60 ఏళ్ళు, 2015 అంబేద్కర్ 125 ఏళ్ళు, యోగా దినోత్సవం. 2022 జూన్‌లో వచ్చిన ఆజాదీ కా అమృత్ మహోత్సవ్ వరస 1, 2, 5, 10, 20 రూపాయల్లో ఉంది, ఐదూ జమచేస్తే ముచ్చటగా ఉంటుంది. 75, 100, 125, 150 రూపాయల నాణేల కోసం మాత్రం ప్యాకెట్లు వెతకొద్దు. 2023 ఆగస్టు 28న విడుదలైన ఎన్టీఆర్ 100 రూపాయల నాణెం లాంటివి సేకర్తలకు అమ్మడానికే ముద్రిస్తారు, చలామణిలోకి రావు.

ఇక సంవత్సరాలు. డిజైన్ మారిన ఏడాది నాణేలను రెండుసార్లు చూడండి. 2011 రూపాయి పెద్దదీ ఉంది, చిన్నదీ ఉంది. 2007 రెండు రూపాయలు అడ్డగీత-నిలువుగీత డిజైన్‌లోనూ, నాట్యంలోని చేతి ముద్ర డిజైన్‌లోనూ ఉంది. ఏడాది ఒకటే కదా అని ఒకటి దాచి ఇంకొకటి వెనక్కి ఇచ్చేయడం కొత్తవాళ్ళు తరచూ చేసే పొరపాటు.

అంకెల కింది చుక్క

అసలు కన్ను పెట్టాల్సింది సంవత్సరం కింద. హైదరాబాద్ టంకశాలది ఐదు మొనల నక్షత్రం, ముంబైది డైమండు, నోయిడాది గుండ్రటి చుక్క, కోల్‌కతాకు గుర్తే లేదు. ఇప్పుడు చర్లపల్లిలో ఉన్న హైదరాబాద్ టంకశాల మనకు దగ్గర కాబట్టి ఇటువైపు చిల్లరలో నక్షత్రం మామూలే. మిగతా మూడిటికి కొంచెం ఎక్కువ ఓపిక పట్టాలి.

చదవడానికి సులువే, అరిగిన బిళ్ళ మీద చూడటమే కష్టం. డైమండు నాలుగు మొనలూ అరిగితే చుక్కలాగే కనిపిస్తుంది. నక్షత్రం అరిగినా అంతే. నెత్తిమీది ట్యూబ్‌లైటు వెలుగులో మూడూ ఒకటే. లైటు ఆర్పి, బల్ల దీపాన్ని పక్కకు, బిళ్ళ ఎత్తుకు కాస్త పైన పెట్టండి. కంసాలులు వాడే పది రెట్ల కంటి అద్దం కంటికి ఆనించి, బిళ్ళను అద్దం దగ్గరకు తెచ్చి మెల్లగా గుండ్రంగా తిప్పండి. డైమండైతే తిరుగుతున్నప్పుడు వెలుగు నాలుగుచోట్ల విరిగి మెరుస్తుంది. చుక్కైతే మెరుపు విరగకుండా జారిపోతుంది. నక్షత్రం అరిగినా నీడ అంచు గరుకుగా ఉంటుంది.

"గుర్తు లేదు, కోల్‌కతాది" అనే నిర్ణయం చివరికి ఉంచుకోండి. సంవత్సరం అంకెలు పదునుగా ఉండి, కింద ఖాళీ నున్నగా ఉంటేనే అది కోల్‌కతా. అంకెలే మొద్దుబారి ఉంటే గుర్తు అరిగిపోయి ఉండొచ్చు. కొత్త బిళ్ళలో అయితే డై (బొమ్మ కొట్టే అచ్చు) గుంటలో గ్రీజు, మసి పేరుకుని గుర్తు పడకపోవచ్చు. రెండూ ఐదో గుంటలోకి.

1990ల్లో మన టంకశాలలకు చేతినిండా పని ఉండి బయటి దేశాల్లోనూ నాణేలు కొట్టించారు. ఆ కాలపు స్టీలు రూపాయి మీద ఎమ్ అక్షరం, దాని తలమీద చిన్న సున్నా ఉంటే మెక్సికో. ఎమ్, కే అక్షరాలు ఉంటే స్లొవాకియాలోని క్రెమ్నిత్స. 1999, 2000 నాటి మందపాటి ఐదు రూపాయల మీద రెండు ఎమ్‌లు, పక్కన చిన్న గుడిసెలాంటి రష్యన్ అక్షరం కనబడితే అది మాస్కోది. 1985 రాగి-నికెల్ రూపాయి మీద హెచ్ ఉంటే బర్మింగ్‌హామ్‌ది. ప్యాకెట్‌లో దొరికేవాటిలో సేకర్తలు నిజంగా ఆగి చూసేవి ఇవే.

తప్పు ముద్రణలు, తయారుచేసిన తప్పులు

బిళ్ళను పైనా కిందా బొటనవేలు, చూపుడువేలితో పట్టుకోండి. సింహాలు నిటారుగా మీవైపు ఉండాలి. పుస్తకంలో పేజీ తిప్పినట్టు పక్కకు తిప్పితే బొరుసు కూడా నిటారుగా రావాలి, మన నాణేల పద్ధతి అది. కొద్దిగా వాలి ఉంటే వదిలేయండి, డై కాస్త కదిలితే అలా అవుతుంది. లంబంగానో తలకిందులుగానో వస్తే దాచండి. నాణెం తర్వాత నాణెం ఇలా తిప్పడం చేతికి అలవాటైతే వంద బిళ్ళలు నాలుగైదు నిమిషాల పని.

ముద్ర ఒక పక్కకు జరిగిన బిళ్ళ, అంచు చంద్రవంకలా తెగిన బిళ్ళ, ఒక వైపు అదే బొమ్మ అద్దంలోలా తిరగబడి లోపలికి దిగిన బిళ్ళ, ఇవి నిజమైనవైతే విలువున్నవే. చివరి దాన్ని బ్రోకేజ్ అంటారు. ముందు కొట్టిన నాణెం డైకి అతుక్కుపోతే, తర్వాతి బిళ్ళ మీద ఆ నాణెమే అచ్చుగా పడుతుంది.

ఇంటి దగ్గర తయారుచేసినవి ఎక్కువగా తిరుగుతున్నది కూడా ఇక్కడే. రెండు నాణేలను వైస్‌లో బిగించి నొక్కితే బ్రోకేజ్‌లాంటిది వస్తుంది, కానీ అక్షరాలు లోతు లేకుండా ఉంటాయి, అసలు బొమ్మ నలిగి చదునవుతుంది. చంద్రవంక కోతకు ఒక పరీక్ష ఉంది: టంకశాలలోనే తెగిన ముక్క అయితే కోతకు సరిగ్గా ఎదురుగా ఉన్న అంచు గట్టు కూడా పలచబడి ఉంటుంది, ఎందుకంటే గట్టు తీసే యంత్రంలో ఆ చోట ఒత్తిడి అందదు. ఆకురాయితో కోస్తే ఎదుటి గట్టు చెక్కుచెదరదు. పది రూపాయల బిళ్ళ నడిమి భాగం ఊడగొట్టి తిరగేసి బిగించినవీ అమ్ముతుంటారు. కలిసిన చోట గీకుళ్ళు, సుత్తి దెబ్బలు భూతద్దంలో కనబడతాయి. అనుమానమొస్తే 0.01 గ్రాముల చిన్న త్రాసు మీద పెట్టండి. మామూలు అరుగుదలతో పోయే బరువు కొంచెమే. తేడా కొట్టొచ్చినట్టు ఉంటే రాపిడో, యాసిడో పనిచేసినట్టే. మీరు మాత్రం నాణెం మీద ప్రయోగాలు చేయకండి, 2011 నాణేల చట్టం ప్రకారం కరిగించడం, ధ్వంసం చేయడం నేరం.

వైష్ణోదేవి బొమ్మ ఉన్న ఐదు, పది రూపాయల బిళ్ళలకు లక్షలిస్తామనే ప్రకటనలు ఫోన్లకు వస్తూనే ఉంటాయి. ముందు రిజిస్ట్రేషన్ ఫీజు, పన్ను కట్టమని అడగడమే వాళ్ళ వ్యాపారం. రిజర్వు బ్యాంకు పేరు వాడుకుని పాత నాణేలు, నోట్లకు కమిషన్లు అడిగేవాళ్ళను నమ్మవద్దని ఆ బ్యాంకే 2021 ఆగస్టు 4న హెచ్చరించింది. చలామణిలో అరిగిన స్మారక బిళ్ళకు ముఖవిలువ మీద వచ్చేది కొంచెమే. అమ్మకం కోసం దిగితే పెట్రోలు ఖర్చు కూడా రాదు. ఏడాదికి నాలుగు టంకశాలల చొప్పున వరస పూర్తిచేయడంలోనే ఈ పని రుచి.

కడగొద్దు

చింతపండు, పీతాంబరి పొడి, నిమ్మకాయ, పళ్ళపొడి, ఏదీ వద్దు. ఇత్తడి చెంబుకు అవి మెరుపిస్తాయి, నాణేనికి సన్నగీతలు పెడతాయి. కొనేవాడు ఆ గీతలు చూసిన క్షణమే వెనక్కి ఇచ్చేస్తాడు. హుండీ బిళ్ళలకు పసుపు, కుంకుమ, నూనె కలిసి గట్టిపడిన మడ్డి ఉంటుంది. దాన్ని డిస్టిల్డ్ వాటర్‌లో రాత్రంతా నానబెట్టి, రుద్దకుండా మెత్తటి గుడ్డతో అద్దండి. జిడ్డు వదలకపోతే గాజు గిన్నెలో అసిటోన్ పోసి కొన్ని నిమిషాలు ఉంచొచ్చు. కిటికీలు తెరిచి, వంటింటికి దూరంగా చేయండి, ఆ ఆవిరి ఇట్టే అంటుకుంటుంది. తర్వాత మళ్ళీ మంచినీటిలో ముంచి ఆరనివ్వండి.

భద్రపరచడానికి రెండంగుళాల అట్ట హోల్డర్లు చాలు, నడుమ పారదర్శకమైన మైలార్ ప్లాస్టిక్ కిటికీ ఉన్నవి. మెత్తటి పీవీసీ జేబుల ఆల్బమ్‌లు చవక, కానీ కొన్నేళ్ళకు ప్లాస్టిక్‌లోంచి దిగే జిగురు నాణేన్ని పచ్చబరుస్తుంది. స్టేప్లర్ పిన్నుల కొనలను కటింగ్ ప్లేయర్‌తో అణచండి, లేకపోతే పక్క హోల్డర్‌లోని బిళ్ళను గీకుతాయి. అట్ట మీద ఏడాది, టంకశాల, దొరికిన తేదీ, ఏ బ్రాంచి ప్యాకెట్ అన్నది రాయండి. ఆరునెలలకు ఏ బ్రాంచి చిల్లర మంచిదో ఆ రాతలే చెబుతాయి.

మిగిలిన తొంభై

కొత్తవాళ్ళు ఇరుక్కునేది వెతకడంలో కాదు, వెనక్కివ్వడంలో. వందలో ఐదారు దాచుకుంటే తొంభై పైచిలుకు మిగులుతాయి. నెలకు పది ప్యాకెట్లంటే అటక మీద బరువు పెరుగుతూనే ఉంటుంది. దాచుకున్నన్ని వేరే బిళ్ళలతో భర్తీ చేసి, మళ్ళీ సరిగ్గా వంద కట్టి, కవరు మీద చూసిన తేదీ రాసి పెట్టండి. తెచ్చిన బ్రాంచిలోనే కడితే పదిహేను రోజుల్లో అవే బిళ్ళలు మీ చేతికే వస్తాయి. ఒకచోట తెచ్చి ఇంకోచోట కట్టండి.

బ్యాంకులో ఖాతాకు కట్టే చిల్లరకు పరిమితి లేదని రిజర్వు బ్యాంకు చెబుతుంది. దుకాణంలో మాత్రం రూపాయి, అంతకు పైబడిన నాణేలతో వెయ్యి రూపాయల వరకే చట్టబద్ధమైన చెల్లింపు. అర్ధరూపాయిలతో పది రూపాయల వరకే. పావలా, అంతకు తక్కువవి 2011 జూన్ 30తో చెల్లుబాటు పోయాయి. హుండీ చిల్లరలో ఖడ్గమృగం పావలా వస్తే బ్యాంకు వెనక్కి తీసుకోదు, ఆల్బమ్‌లో పెట్టుకోండి.

బ్యాంకు కంటే సులువైన దారి టిఫిన్ బండ్లు, కూరగాయల మార్కెట్. పొద్దున ఆరున్నరకు ఉగ్గాని-బజ్జీ బండి దగ్గర రూపాయి, రెండు, ఐదు రూపాయల చిల్లరకు ఎప్పుడూ కరువే. వంద నోటు ఇచ్చి వంద చిల్లర పట్టుకెళ్ళమంటే వద్దనేవాళ్ళు ఉండరు. సాయంత్రం గల్లాలో చేరిన బిళ్ళలు మీకే మార్చి ఇస్తాడు కూడా. పది రూపాయల బిళ్ళలు అక్కడా తీసుకోకపోతే బ్యాంకుకే తీసుకెళ్ళాలి, ఆ ప్యాకెట్లు తెచ్చుకునేటప్పుడే ఆ సంగతి లెక్కలో పెట్టుకోండి.